గది, గింజ, కండె: తెలుగులో జీవకణం

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారిలో జీవకణం బొమ్మ గీయనివారు ఉండరు. ‘పటం గీసి భాగాలు గుర్తించుము’ అన్న ప్రశ్న కింద ముందుగా ఒక కోడిగుడ్డు ఆకారం, దాని నడుమ చిన్న వృత్తం, ఆ వృత్తంలో ఒక చుక్క, పక్కన చిక్కుడు గింజల్లాంటివి రెండో మూడో, దొంతరగా పేర్చిన వంపు గీతలు. కుడివైపున స్కేలు పెట్టి గీసిన బాణాలు, వాటి కొసన పేర్లు. కణత్వచం, కణద్రవ్యం, కేంద్రకం, కేంద్రకాంశం, మైటోకాండ్రియా, గాల్జీ సంక్లిష్టం, రిక్తికలు. పేర్లన్నీ సరిగ్గా రాస్తే మార్కులు పడేవి. ఇరవై ముప్ఫై ఏళ్ళ తరువాత, చదువు ఏ దారిన సాగినా, ఏ దేశంలో స్థిరపడినా, మిగిలిపోయేది ఆ బొమ్మే.

ఆ బొమ్మకు రెండు లోపాలున్నాయి. మొదటిది అందరూ ఒప్పుకునేదే: అలాంటి కణం ఎక్కడా లేదు. మనిషి దేహంలో ఉన్న సుమారు 30 లక్షల కోట్ల కణాల్లో 80 శాతానికి పైగా ఎర్ర రక్తకణాలు. వాటిలో కేంద్రకమూ లేదు, మైటోకాండ్రియా కూడా లేవు. కండరపు కణంలో వందల కేంద్రకాలుంటాయి. కాలేయంలో రెండేసి కేంద్రకాలున్న కణాలు మామూలే. ముదిరిన మొక్క కణంలో రిక్తిక ఎంతగా ఉబ్బిపోయి ఉంటుందంటే, ‘కేంద్రకం’ అన్న పేరు పెట్టుకున్న భాగం కేంద్రంలో కాక గోడ వారకు ఒదిగి ఉంటుంది. అన్ని కణాల లక్షణాలనూ కలగలిపి గీసిన సగటు బొమ్మ అది. ఆ మాట పిల్లలకు చెప్పి గీయిస్తే పెద్ద నష్టం లేదు.

రెండో లోపం లోతైనది. ఆ బొమ్మ ‘లోపల ఏమేమి ఉన్నాయి?’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది కాని, ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది?’ అన్న ప్రశ్నను పుట్టనివ్వదు. జీవకణం గురించి తెలుసుకోవలసిన మొట్టమొదటి సంగతి దాని భాగాల జాబితా కాదు, దాని వంశం. ఏ కణమూ విడిభాగాలు బిగించగా తయారైనది కాదు. ప్రతిదీ మరొక కణం నుంచి వచ్చింది, అది ఇంకొకదాని నుంచి. ఈ సంగతిని తెలుగు మాటలు ఎక్కడ పట్టుకున్నాయి, ఎక్కడ జారవిడిచాయి అన్నది పరిశీలించదగ్గ విషయం. తెలుగు శాస్త్రపరిభాష మీద సాధారణంగా వినబడే ఫిర్యాదు ‘సంస్కృతం ఎక్కువైంది’ అన్నది. అది పైపై ఫిర్యాదు. ఒక పారిభాషిక పదాన్ని తూచవలసింది అది ఏ భాషలోంచి వచ్చిందని కాదు, ఏమి చూపిస్తోంది, ఏమి దాస్తోంది అని.

అసలు మాటతోనే మొదలుపెట్టవచ్చు. 1665లో రాబర్ట్ హుక్ తన ‘మైక్రోగ్రాఫియా’లో బెరడు ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి, తేనెపట్టు అరల్లాంటి ఖాళీలు కనబడితే వాటికి ‘సెల్’ అని పేరు పెట్టాడు. చిన్న గది అని అర్థం. ఒక ఘనపు అంగుళంలో అలాంటివి 120 కోట్లకు పైగా ఉంటాయని లెక్క కూడా కట్టాడు. అయితే ఆయన చూసినది చచ్చిపోయిన కణాల గోడలను. లోపలి కాపురం ఎప్పుడో ఖాళీ అయింది. పచ్చి మొక్కల్లో ఆ అరలు రసంతో నిండి ఉండటం కూడా ఆయన గమనించాడు కాని, పేరు మాత్రం ఖాళీ గదిదే నిలిచింది. జీవశాస్త్రంలో అతి ముఖ్యమైన మాట ఒక పాడుబడ్డ ఇంటిని చూసి పెట్టినది కావడం విచిత్రమే.

భారతీయ భాషలు చాలావరకు ఆ గదినే అనువదించుకున్నాయి. హిందీలో కోశికా, కన్నడంలో జీవకోశ, మలయాళంలో కోశం, బెంగాలీలో కోష్. కోశమంటే ఒర, సంచి, బొక్కసం. ఏదో ఒకటి లోపల దాచుకున్న పాత్ర. తెలుగు మాత్రం పక్కకు తిరిగి ‘కణం’ అంది. కణమంటే గింజ, నలుసు, రేణువు. ఇందువల్ల వచ్చిన చిక్కు అందరికీ తెలిసినదే: భౌతికశాస్త్రంలోని కణమూ జీవశాస్త్రంలోని కణమూ ఒకే పేరుతో తిరుగుతుంటాయి. హైదరాబాదులో 1977లో ఏర్పడిన సీసీఎంబీ పేరును తెలుగు చేస్తే ‘కణ, అణు జీవశాస్త్ర కేంద్రం’ అవుతుంది. కణాదుడి వైశేషికం చదువుకున్న పండితుడెవరైనా ఆ పలక చూస్తే లోపల పరమాణు పరిశోధన జరుగుతోందనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పోనీ ‘సెల్’ అనే ఉంచేద్దామంటే ఆ మాటను ఈపాటికి జేబులో ఫోను ఆక్రమించింది. ఆ ఫోను పేరు కూడా తేనెపట్టు అరల్లాగా విడగొట్టిన ప్రసార ప్రాంతాల నుంచి వచ్చింది కాబట్టి, హుక్ చూసిన గదే చుట్టుతిరిగి తెలుగులోకి వచ్చిందన్నమాట.

అయినా ‘కణం’ అన్న ఎంపికను పొరపాటుగా కొట్టిపారేయడం తొందరపాటు. గింజకు లోపల గది ఉన్నట్టు తోచదు. అది దాని నష్టం. పొర లేనిదే కణం లేదు. లోపల వెలుపల అన్న తేడాను నిలబెట్టుకోవడమే దాని మొదటి పని. ఆ సంగతిని కోశం చెప్పినంత స్పష్టంగా కణం చెప్పలేదు. కాని గింజకు ఒక గుణం ఉంది, గదికి లేదు. గది గదిని కనదు. గింజ మరో గింజ నుంచే వస్తుంది, నేలలో పడితే పదింతలవుతుంది. వ్యవసాయం చేసిన జాతికి ఆ మాట వినగానే వంశం గుర్తుకు రావాలి. పారిభాషిక పదాన్ని ఎంచినవారు ఇదంతా ఆలోచించారో లేదో కాని, పాఠ్యపుస్తకాలు మాత్రం ఈ అవకాశాన్ని వాడుకోలేదు. తెలుగు మాట ఇచ్చిన గింజను పక్కన పెట్టి, ఇంగ్లీషు పుస్తకాల నుంచి తెచ్చుకున్న గదిని, ఆ తరువాత కర్మాగారాన్ని బోధించాయి.

కర్మాగారం ఉపమానం ఇరవయ్యో శతాబ్దపు పారిశ్రామిక దేశాలది. కేంద్రకం మేనేజరు, రైబోజోములు కార్మికులు, గాల్జీ సంక్లిష్టం సరుకు కట్టి పంపే విభాగం, మైటోకాండ్రియా విద్యుత్తు. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో మైటోకాండ్రియాను కణపు ‘పవర్‌హౌస్’ అన్నాడు. తెలుగు పుస్తకాల్లో అదే ‘కణ శక్త్యాగారం’ అయింది. ఈ మాటలో ఆగారం దగ్గర తేడా వచ్చింది. ధాన్యాగారం ధాన్యాన్ని నిలవచేస్తుంది, శస్త్రాగారం శస్త్రాలను. శక్త్యాగారం అంటే శక్తి గోదాము అని చదువరికి స్ఫురిస్తే అది చదువరి తప్పు కాదు. నిజంలో మైటోకాండ్రియా దాచిపెట్టేది దాదాపు లేదు. మనిషి దేహం ఒక రోజులో తయారుచేసి ఖర్చుపెట్టే ఏటీపీ దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది. ఏ క్షణంలో చూసినా ఉండే నిలవ అందులో అతి చిన్న భాగం. చేతిలోంచి చేతిలోకి మారే చిల్లర తప్ప, బొక్కసం కాదది.

ఏటీపీని మొట్టమొదట వేరుచేసి చూపినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం తెలుగువారికి గర్వకారణంగా తరచు చెప్పుకునేదే. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా, కండరం నుంచి ఆ పదార్థాన్ని తీశారు. అయితే సభల్లో ఆయన పేరు స్మరించినంత తరచుగా ఏటీపీ ఏమి చేస్తుందో తెలుగులో వివరించడం కనబడదు. పేరుకు పూలదండ పడింది, పనికి పాఠం పడలేదు.

ఆ పాఠానికి కావలసిన ఉపమానం తెలుగునేల మీదే ఉంది. 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదించి, మొదట్లో చాలామంది కాదన్నా చివరికి 1978లో నోబెల్ బహుమతి తెచ్చుకున్న సిద్ధాంతం ప్రకారం, మైటోకాండ్రియా ఆహారాన్ని కాల్చగా వచ్చిన శక్తితో ముందు ప్రోటాన్లను ఒక పొరకు అవతలికి తోడిపోస్తుంది. అవి తిరిగి ఇవతలికి దూకేటప్పుడు ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాయి. ఆ తిరుగుడులో ఏటీపీ తయారవుతుంది. అంటే బొగ్గు పొయ్యి కాదు, ఆనకట్ట. ఆ ఆనకట్ట మందం సుమారు 5 నానోమీటర్లు, దానికి అటూ ఇటూ ఉన్న తేడా సుమారు 150 మిల్లీవోల్టులు. లెక్క కడితే మీటరుకు మూడు కోట్ల వోల్టుల ఒత్తిడి. శ్రీశైలం ఎడమగట్టు విద్యుత్ కేంద్రంలోని టర్బైన్లను తిరగదిప్పి నడిపితే కిందికి వదిలిన నీటిని మళ్ళీ పైకి తోడతాయి. కణంలోని చక్రమూ అంతే: పరిస్థితి తిరగబడితే అది ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను వెనక్కి తోడుతుంది. ఇంత దగ్గరగా సరిపోయే పోలికను వదిలి ‘శక్త్యాగారం’ దగ్గరే ఆగిపోవడం ఉపాధ్యాయుల లోపం కాదు. పుస్తకం రాసేవారు తమ చుట్టూ చూడకపోవడం.

పైగా కర్మాగారం పోలిక వంశాన్ని పూర్తిగా మింగేస్తుంది. కర్మాగారంలో యంత్రం పాడైతే కొత్తది కొంటారు. కణం మైటోకాండ్రియాను కొనలేదు, మొదటినుంచి కట్టనూ లేదు. ఉన్న మైటోకాండ్రియా చీలితేనే కొత్తది వస్తుంది. దానికి సొంత డీఎన్ఏ ఉంది. మనిషిలో అది 16,569 అక్షరాల చిన్న వలయం, అందులో 37 జన్యువులు. ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన బాక్టీరియా మరో కణంలో చేరి ఉండిపోయిందని 1967లో లిన్ మార్గులిస్ వాదించింది, ఆ వాదం ఇప్పుడు పాఠమైంది. పిల్లలకు అది తల్లి నుంచే సంక్రమిస్తుంది. బొమ్మలో చిక్కుడు గింజలా కదలక పడి ఉండేది, సజీవ కణంలో ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ, వలలా సాగుతూ ఉంటుంది. దాన్ని ‘భాగం’ అనడం కన్నా ‘కాపురానికి వచ్చి ఇంటి మనిషైనది’ అనడం నిజానికి దగ్గర.

గది పోలికను నిలదీయడానికి లేత కొబ్బరిబొండం చాలు. కోనసీమలో దారి పక్కన కొట్టించుకుని తాగే ఆ నీరు వృక్షశాస్త్రం ప్రకారం అంకురచ్ఛదం, అంటే పిల్ల మొక్క ఆహారం. దానిలో మొదట కేంద్రకాలు విభజన చెందుతూ పోతాయి కాని వాటి మధ్య గోడలు కట్టుకోవు. వేలకొద్దీ కేంద్రకాలు, అడ్డుగోడ ఒక్కటీ లేకుండా, ఒకే ద్రవంలో తేలుతుంటాయి. కొంతకాలానికి చిప్ప వైపు నుంచి గోడలు లేచి, మీగడలాంటి లేత కొబ్బరిగా కడుతుంది. తాగినది గదులు లేని జీవం, గీరుకుని తిన్నది గదులు కట్టుకున్న జీవం. కేంద్రకం విభజన వేరు, కణం విభజన వేరు అని నేర్పడానికి ఇంతకన్నా రుచికరమైన ప్రయోగశాల లేదు. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ప్రయోగశాలలో పెరగడానికి మొరాయించిన ఉమ్మెత్త పిండాలను కొబ్బరినీటి సాయంతో పెంచింది. కణవిభజనను ప్రేరేపించే పదార్థాలు అందులో ఉన్నాయని తరువాత తేలింది. ఉల్లిపొరను గాజుపలక మీద పరిచి గోడలు చూపించే పాఠం ప్రతి బడిలోనూ ఉంది. గోడలు లేనిదాన్ని చూపే పాఠం లేదు.

ఇక విభజన. అసలు వివాదమంతా ఇక్కడే.

జీవకణం అన్న ఊహ స్థిరపడటానికి రెండు శతాబ్దాలు పట్టింది. 1838లో ష్లైడెన్ మొక్కల విషయంలోనూ, 1839లో ష్వాన్ జంతువుల విషయంలోనూ ‘జీవులన్నీ కణాలతో ఏర్పడినవే’ అన్నారు. వారు చెప్పిన దానిలో సగమే నిజం. కొత్త కణాలు పంచదార పాకంలో పలుకులు కట్టినట్టు ద్రవంలో పేరుకుంటాయని వారు భావించారు. అది కాదు, కణం చీలితేనే కణం వస్తుందని రాబర్ట్ రేమాక్ పరిశీలించి చెప్పాడు. 1855లో రుడాల్ఫ్ ఫిర్కో దాన్ని ఒక సూత్రంగా ప్రకటించాడు. పేరు ఫిర్కోకు దక్కింది, రేమాక్ తెరమరుగయ్యాడు. పాఠ్యపుస్తకాలు ఈ ముగ్గురు నలుగురి పేర్లనూ ఒకే పేరాలో, అందరూ ఒకే మాట చెప్పినట్టుగా వరసపెడతాయి. నిజానికి ఫిర్కో సూత్రం ష్లైడెన్‌ను కాదనడం. అందులోని కొట్లాటను తీసేస్తే మిగిలేది కంఠస్థం చేయవలసిన సంవత్సరాలే.

‘విభజన’ అన్న మాట తెలుగు చెవికి పంపకాన్ని గుర్తుచేస్తుంది. అన్నదమ్ములు విడిపోయి పొలం పంచుకుంటారు. ఆరెకరాలు మూడూ మూడూ అవుతాయి. 2014 తరువాత ఆ మాటకు మరింత బరువు పెరిగింది. విభజన అంటే ఉన్నది తగ్గడం, ఎవరి వాటా ఎంత అన్న జగడం. కణంలో జరిగేది ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. పంపకానికి ముందే ఆస్తి ఇనుమడిస్తుంది. మనిషి కణంలో సుమారు రెండు మీటర్ల పొడవున్న డీఎన్ఏ ఉంటుంది. విడిపోవడానికి ముందు అది అక్షరం అక్షరంగా, దాదాపు 640 కోట్ల అక్షర జతలు, ఎనిమిది గంటల్లోపు మరో ప్రతి రాయబడుతుంది. ఆ తరువాతే ఇద్దరికీ చెరొక పూర్తి ప్రతి. సగం కాదు, పూర్తి.

ఈ నకలు రాయడం సూక్ష్మదర్శినిలో కనబడదు. కనబడదు కాబట్టి పాతకాలపు శాస్త్రజ్ఞులు రెండు విభజనల నడుమ కాలాన్ని ‘విశ్రాంతి దశ’ అన్నారు. ఆ మాట తెలుగు పుస్తకాల్లోకీ వచ్చి చాలాకాలం ఉంది. ‘అంతర్దశ’ అన్నది కొంత నయం, కాని అది కూడా రెండు ముఖ్య ఘట్టాల నడుమ ఖాళీ అన్నట్టే ధ్వనిస్తుంది. 1953లో లండన్‌లో హోవార్డ్, పెల్క్ చిక్కుడు జాతి వేళ్ళకు రేడియోధార్మిక భాస్వరం పెట్టి, నకలు రాయడం ఈ ‘విశ్రాంతి’ మధ్యలోనే, ఒక నిర్ణీతమైన వేళలో జరుగుతుందని చూపించారు. ప్రయోగశాలలో పెంచే మనిషి కణం ఒక చక్రం తిరగడానికి దాదాపు 24 గంటలు పడితే, పరీక్షలో అడిగే నాలుగు దశలు—ప్రథమ, మధ్యస్థ, చలన, అంత్య—అన్నీ కలిపి సుమారు ఒక గంట. ఇల్లు మారే రోజున లారీ ఎక్కించిన గంటను వర్ణించి, ఏడాదిపాటు ఇల్లు కట్టిన సంగతి వదిలేసినట్టుంది ఈ పాఠం.

కంటికి కనబడేదాన్ని మాత్రం సరిగ్గా చూశారా అంటే అదీ లేదు. మనిషి కణంలో 48 క్రోమోజోములున్నాయని 1923లో పెయింటర్ చెప్పాక మూడు దశాబ్దాలు పుస్తకాలన్నీ 48 అనే రాశాయి. తక్కువ కనబడ్డవారు తమ పలకలోనే లోపం ఉందనుకున్నారు. 1956లో స్వీడన్‌లో చో, లెవాన్ క్రోమోజోములను బాగా విడదీసే పద్ధతులు వాడి లెక్కపెట్టి 46 అని తేల్చారు. అచ్చయిన సంఖ్య కంటిచూపును ముప్ఫై మూడేళ్ళు ఏలింది.

పేర్ల విషయంలో మాత్రం తెలుగు ఇక్కడ అనుకోని మేలు చేసింది. 1882లో వాల్టర్ ఫ్లెమింగ్ సాలమాండర్ పిల్లల కణాలకు రంగులద్ది, విభజన వేళ దారాల్లాంటివి బయటపడటం చూసి, గ్రీకులో దారానికున్న పేరు నుంచి ‘మైటోసిస్’ అన్న మాట చేశాడు. కనబడినదానికి పెట్టిన పేరు అది. జరుగుతున్నది ఏమిటో అందులో లేదు. తెలుగులో దాన్ని ‘సమవిభజన’ అన్నారు. దారం పోయింది, సమత్వం వచ్చింది. అనువాదంగా ఇది తప్పు, వివరణగా మూలం కన్నా మెరుగు: పంపకం సమానం అన్న అసలు సంగతిని పేరే చెబుతుంది. హిందీ ‘సమసూత్రి’ అని రెండింటినీ కలుపుకుంది. అదీ తెలివైన పనే.

‘క్షయకరణ విభజన’ విషయంలో తెలుగు మూలానికి మరీ విధేయంగా ఉండి నష్టపోయింది. 1905లో ఫార్మర్, మూర్ గ్రీకులో ‘తగ్గించడం’ అన్న అర్థంలో ‘మయోసిస్’ అని పేరు పెట్టారు. క్షయకరణం దానికి అచ్చమైన తెలుగు. కాని మామూలు తెలుగువాడికి క్షయ అంటే ఊపిరితిత్తుల జబ్బు. పోనీ అర్థం చూసినా, 46 నుంచి 23కు తగ్గడమన్న అంకగణితమే దానిలో కనబడుతుంది. ఆ తగ్గడానికి ముందు తల్లి నుంచి వచ్చిన పోగూ తండ్రి నుంచి వచ్చిన పోగూ పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. తోడబుట్టినవారు ఒకరిలా ఒకరు ఉండకపోవడానికి అదొక ముఖ్య కారణం. ఆడపిల్లలో ఈ ప్రక్రియ ఆమె ఇంకా తల్లి కడుపులో ఉండగానే మొదలై, మధ్యలో ఆగి, ఏళ్ళ తరువాత అండం విడుదలయ్యే వేళ కొనసాగుతుంది. అంటే ఒక మనిషికి మూలమైన అండకణం, తల్లి ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే సిద్ధం కావడం మొదలుపెట్టింది. ఇంత కథ ఉన్న ఘట్టానికి ‘క్షయ’ అన్న పేరు అన్యాయం.

ఇన్ని మాటల నడుమ నిజంగా గొప్ప ఎంపిక ఒకటుంది. విభజన వేళ కణంలో ఒక కొస నుంచి మరో కొసకు పోగులు సాగి, మధ్యలో లావుగా, చివర సన్నగా ఒక ఆకారం ఏర్పడుతుంది. ఇంగ్లీషులో దాని పేరు నూలు వడికే కదురు. తెలుగు పుస్తకాలు దాన్ని కదురు అనలేదు, ‘కండె’ అన్నాయి: కండె పరికరం, కండె పోగులు. కదురు ఇనుప చువ్వ, కండె దాని మీద చుట్టుకున్న నూలు. మగ్గం నేసే ఇంట్లో పిల్లలకు మొదట అప్పగించే పని కండెలు చుట్టడమే. కణంలో చువ్వ ఏదీ లేదు, ఉన్నదంతా పోగులే. ఇంగ్లీషు మాట కన్నా తెలుగు మాట వస్తువుకు దగ్గరగా ఉన్న అరుదైన సందర్భమిది. ఫ్లెమింగ్ పేరులో పోయిన దారం చేనేత ఇంటి గుమ్మంలోంచి తిరిగి వచ్చిందనుకోవచ్చు.

ఆ పోగులు మామూలు తాళ్ళూ కావు. ట్యూబులిన్ అనే ప్రోటీను ఇటుకల్లాంటివి ఒకదానిమీద ఒకటి చేరి పోగు పెరుగుతుంది, విడిపోతే తరుగుతుంది. ఈ పెరుగుట, తరుగుట క్షణక్షణం జరుగుతూ ఉంటాయని 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ చూపించారు. పోగు క్రోమోజోమును లాగడంలో ఒక భాగం తాను కరిగిపోవడమే. అన్నిటికన్నా చెప్పుకోదగ్గది కణం చూపే ఓపిక. ప్రతి క్రోమోజోముకూ రెండు వైపుల నుంచీ పోగులు తగులుకుని బిగువు కుదిరేదాకా, ఒక్కటి వదులుగా ఉన్నా, విడదీసే సంకేతం రాదు. పడుగులో ఒక పోగు జారినా మగ్గం ఆపి అతికేవాడికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ మాటల మంచిచెడ్డలు పరీక్ష హాలు దాటి ఎక్కడ అవసరపడతాయో ప్రవాసంలో ఉన్న ఎందరో తెలుగువారికి తెలుసు. తెనాలిలోనో కరీంనగర్‌లోనో తల్లికి క్యాన్సర్ అని తేలుతుంది. నివేదికలు వాట్సాప్‌లో డాలస్‌కో దుబాయ్‌కో వస్తాయి. కొడుకో కూతురో వాటిని చదివి ఇంగ్లీషులో అర్థం చేసుకుంటారు, ఫోనులో తెలుగులోకి వచ్చేసరికి మాటలు ఆగిపోతాయి. ‘మందు పడదమ్మా, జుట్టు ఊడుతుంది, మళ్ళీ వస్తుంది’ అన్నంతవరకే భాష మిగులుతుంది. పాత తెలుగులో రాచపుండు అనేవారు. పుండు ఒకచోట ఉండేది, కోసేస్తే పోయేది. క్యాన్సర్ ఒకచోటు జబ్బు కన్నా ఒక వంశం జబ్బు. నకలు రాయడంలో వచ్చిన తప్పులు పేరుకుని, ఆగమన్న సంకేతం వినని ఒక కణం, దాని సంతతి. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు ఒకే తప్పు ఏయే ప్రతుల్లో ఉందో చూసి ఏది దేనికి నకలో కనిపెట్టినట్టు, ఇప్పుడు కణితి కణాల డీఎన్ఏలోని తప్పులు పోల్చి ఏది దేని సంతానమో గీస్తున్నారు. గది అన్న ఊహతో దీన్ని వివరించడం కష్టం. గింజ అన్న ఊహతో కలుపు మొక్క ఉదాహరణ చాలు.

చికిత్స సంగతీ అంతే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా వచ్చిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇస్తే 10 మందిలో జబ్బు తాత్కాలికంగా తగ్గింది. ఆ మందు లెడర్లే ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం తయారుచేసినది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుకలో ఉంది. డీఎన్ఏ అక్షరాల్లో ఒకటైన థైమిన్ తయారు కాకుండా అది అడ్డుపడుతుంది. నకలు రాసే వ్రాయసగాడికి సిరా అందకుండా చేయడమన్నమాట. అది దెబ్బతీసేది సరిగ్గా ‘విశ్రాంతి దశ’ అని పొరపాటుగా పిలిచిన కాలంలోనే. ఆ పేరు నమ్మినవారికి ఈ మందు ఎలా పనిచేస్తుందో అర్థమయ్యే దారి లేదు.

రెండో మందు ఇంటి ముంగిట్లో ఉంది. మడగాస్కర్ నుంచి వచ్చి తెలుగు పెరళ్ళలో స్థిరపడిన బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ తీస్తారు. అది ట్యూబులిన్‌ను పట్టుకుని పోగు కట్టకుండా చేస్తుంది. కండె ఏర్పడదు, కణం మధ్యస్థ దశలో నిలిచిపోయి చచ్చిపోతుంది. పిల్లల్లో వచ్చే తీవ్ర లింఫోసైటిక్ లుకేమియా చికిత్సలో ఈ రెండు మందులూ ఇప్పటికీ వాడుతున్నారు: ఒకటి సిరాను ఆపేది, మరొకటి కండెను తెంచేది. ఈ వాక్యం అర్థం కావడానికి ఇంగ్లీషు అక్కరలేదు. మంగళగిరిలో మగ్గం నేసిన ముసలామెకు అది ఆమె మనవడికన్నా త్వరగా అర్థమవుతుంది.

జుట్టు ఎందుకు ఊడుతుందన్న ప్రశ్నకూ సమాధానం అక్కడి నుంచే వస్తుంది. ఈ మందులకు క్యాన్సర్ కణమేదో మంచి కణమేదో తెలియదు. వాటికి దొరికేది ఆ వేళ విభజనలో ఉన్న కణం. వెంట్రుక కుదురులో, నోటి లోపలి పొరలో, పేగుల్లో, ఎముక మూలుగలో కణాలు నిత్యం విభజన చెందుతుంటాయి. అందుకే జుట్టు ఊడుతుంది, నోరు పూస్తుంది, రక్తకణాల సంఖ్య పడిపోతుంది. అయితే వెంట్రుక కుదురు పక్కనే కొన్ని మూలకణాలు చక్రంలో దిగకుండా, నకలు రాయకుండా, కండె వేయకుండా ఊరికే ఉంటాయి. విశ్రాంతి అన్న మాట నిజంగా చెల్లేది వీటికే. అప్పుడు పనిలో లేవు కాబట్టి మందు దెబ్బ వీటికి అంతగా తగలదు. మందు ఆపిన కొన్ని వారాలకు అవి మళ్ళీ విభజన మొదలుపెడతాయి, నున్నటి తల మీద నూగు జుట్టు కనబడుతుంది.